మూత విప్పి చూసి కొనండి

వాటర్ బాటిల్ కొనడానికి వెళ్తే అట్టపెట్టె మీద సాధారణంగా మూడు మాటలు పెద్ద అక్షరాల్లో కనిపిస్తాయి. దేనితో చేశారో చెప్పే మాట ఒకటి, నీళ్లు ఎన్ని గంటలు చల్లగా ఉంటాయో చెప్పే అంకె ఒకటి, బీపీఏ అనే రసాయనం లేదన్న హామీ ఒకటి. మూడూ పనికొచ్చే సంగతులే. కానీ కొనేవాళ్లకు అంతకంటే ముఖ్యమైన రెండు సంగతులు ఆ పెట్టె మీద ఉండవు. బాటిల్ మూతిలో చెయ్యి పడుతుందా? మూత ఎన్ని ముక్కలుగా విడుతుంది? రోజూ ఆఫీసుకు పట్టుకెళ్లే బాటిలైనా, దూరప్రయాణానికి కొనే బాటిలైనా మొదట చూడాల్సినవి ఈ రెండే. లోహం, చల్లదనం, రంగు, ధర అన్నీ వీటి తర్వాతే. తోమడానికి లొంగని బాటిల్ ఎంత ఖరీదైనదైనా మంచి బాటిల్ కాదు. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఇదే. ఎందుకో, దీని మీద రాగల అభ్యంతరాలేమిటో కూడా చూద్దాం.

బాటిల్లో నీళ్లు పోసుకుంటాం, నోరు పెట్టి తాగుతాం, మిగిలిన సగానికి మూత బిగించి సంచిలో వేస్తాం. తాగిన ప్రతిసారీ కాస్త లాలాజలం వెనక్కి పోతుంది. దానితోపాటు నోట్లోని సూక్ష్మక్రిములూ, తిన్నదాని తునకలూ లోపలికి చేరతాయి. ఈ క్రిములు నీళ్లలో ఊరికే తేలుతూ ఉండవు. గోడకు అంటుకుని తమ చుట్టూ ఒక జిగురు పొర అల్లుకుంటాయి. రెండు రోజులు కడగని బాటిల్లో వేలు పెడితే జారుతూ తగిలే పాకుడు అదే. దాని గుణమేమిటంటే, నీళ్లు పోసి తొలిపితే పోదు, రుద్దితేనే పోతుంది. అంటే చెయ్యో బ్రష్షో చేరని ప్రతిచోటా అది నిశ్చింతగా పెరుగుతుంది. అలాంటి చోట్లు నున్నటి స్టీలు గోడ మీద తక్కువ, మూతలోనే ఎక్కువ. మరల సందుల్లో, గ్యాస్కెట్ వెనక, సిప్పర్ ముక్కులో, స్ట్రా గొట్టంలో, బొత్తాం నొక్కితే తెరుచుకునే మూత కీలు దగ్గర చూడండి. తెల్లటి గ్యాస్కెట్ అంచున నల్ల చుక్కలు కనిపిస్తే అది మరక కాదు, బూజు.

“పోసేది మంచినీళ్లే కదా, అందులో అంత మురికి ఎక్కడిది?” అని అనిపించడం సహజం. 2002లో కెనడా ప్రజారోగ్య పత్రికలో ఒక పరిశీలన అచ్చయింది. కాల్గరీ నగరంలో ప్రాథమిక పాఠశాల పిల్లల సొంత బాటిళ్లలోంచి 76 నమూనాలు తీసి పరీక్షించారు. సగానికి మించిన నమూనాల్లో మొత్తం బాక్టీరియా లెక్క తాగునీటికి పెట్టుకున్న హద్దు దాటింది. కొన్నింట్లో మలం నుంచి వచ్చే రకం కోలిఫాం బాక్టీరియా కూడా దొరికింది. వాటిని తెచ్చిపెట్టినవి బహుశా పిల్లల చేతులేనని, గది వేడిమిలో గంటల తరబడి ఉండటంతో అవి పెరిగాయని పరిశోధకులు భావించారు. బాక్టీరియా లెక్క పెరిగినంత మాత్రాన జబ్బు వచ్చి తీరుతుందని కాదు, ఆ సంగతీ చెప్పాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు తమ నోటి క్రిములు తామే మళ్లీ మింగితే చాలావరకు ఏమీ కాదు. కానీ మన ఇళ్లలో ఒక బాటిల్ నలుగురి చేతులు మారుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన బాటిల్ జలుబున్న పిల్లవాడి నోటి నుంచి మధుమేహం ఉన్న తాతగారి నోటికి పోతుంది. పైగా మన గది వేడిమి కాల్గరీ గది వేడిమి కాదు.

తెలుగు రాష్ట్రాల్లో దీనికి ఇంకో చిక్కు తోడైంది. మున్సిపల్ నీళ్లలో క్లోరిన్ కలుపుతారు. క్రిమిసంహారానికి క్లోరిన్ వాడినప్పుడు కుళాయి నీళ్లలో కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలని మన తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500 చెబుతుంది. దారిలో, బిందెలో, బాటిల్లో ఆ నీళ్లకు కాపలా కాసేది ఆ కాస్త మిగులే. అయితే ఊళ్లలోనూ పట్నాల్లోనూ ఇవాళ ఎన్నో ఇళ్లు ఆర్.ఓ. ప్లాంటు నుంచి వచ్చే ఇరవై లీటర్ల క్యాను మీదో, వంటింటి గోడకు తగిలించిన ఫిల్టరు మీదో ఆధారపడుతున్నాయి. క్లోరిన్ తగిలితే ఆర్.ఓ. పొర పాడవుతుంది, అందుకే దానికి ముందే ఒక కార్బన్ ఫిల్టరు పెట్టి క్లోరిన్‌ను తీసేస్తారు. నల్గొండ, ప్రకాశం లాంటి జిల్లాల్లో ఫ్లోరైడ్ బాధ పడ్డ ఊళ్లకు ఆ శుద్ధి అవసరం, దాన్ని తప్పుపట్టలేం. కానీ అలా వచ్చిన నీళ్లకు కాపలా ఉండదు. వాటిని పాకుడు పట్టిన బాటిల్లో పోస్తే సాయంత్రానికి క్రిములకు అడ్డు చెప్పేది ఏదీ ఉండదు. నీళ్లు ఎంత శుద్ధమైనవైతే వాటిని పోసే బాటిల్ అంత శుభ్రంగా ఉండాలన్నమాట. వినడానికి తిరకాసుగా ఉన్నా ఇది నిజం.

మన పాత అలవాటు ఈ లెక్కను ఇంకో దారిలో తేల్చింది. చెంబు ఎత్తి, పెదవులకు తగలకుండా నోట్లో పోసుకోవడం మనవాళ్లకు చేతనైన విద్య. ఎంగిలి పట్టింపు మనుషుల్ని దూరం పెట్టడానికి కూడా సాకైంది, ఆ చరిత్రను దాచాల్సిన పని లేదు. అయినా ఎత్తి తాగితే నోటిది పాత్రలోకి పోదన్నది నిలబడే మాటే. రైలు ప్రయాణానికి వాడిన ఇత్తడి మరచెంబులో రబ్బరు లేదు, గొట్టం లేదు, కీలు లేదు. మర తిప్పితే రెండే ముక్కలు, రెంటినీ చింతపండుతో తోమేయొచ్చు. బరువెక్కువ, పులుపు తగిలితే చిలుం పట్టేది, రైలు కుదుపులకు మర సందులోంచి కారేది కూడా. దాన్ని మళ్లీ తీసుకురమ్మని నేననడం లేదు. దాని తర్వాత వచ్చిన సిప్పర్లు, స్ట్రా బాటిళ్లు కారకుండా ఉండటం కోసం తోమే వీలును వదులుకున్నాయి. ఆ బేరంలో మనం నష్టపోయామని నా అభిప్రాయం. చంటిపిల్లలకు, మంచం మీద ఉన్న రోగులకు స్ట్రా తప్పదు. మిగతావాళ్లకు దాని అవసరం నాకు కనిపించదు.

“వెడల్పు మూతి బాటిల్ని కదిలే బస్సులో ఎత్తితే చొక్కా తడుస్తుంది కదా” అంటారు. న్యాయమైన మాట. దీనికి జవాబు రెండంచెల మూత. పెద్ద మూత మొత్తం విప్పితే చెయ్యి దూరేంత దారి ఉంటుంది, అది తోమడానికి. దాని మీదే బిగించిన చిన్న మూత తీస్తే సన్నటి ధార వస్తుంది, అది తాగడానికి. ఇలాంటివి మార్కెట్లో ఉన్నాయి, ఖరీదు కూడా మరీ ఎక్కువేమీ కాదు. అవి దొరకనప్పుడు కనీసం మామూలు బాటిల్ బ్రష్ అడుగుదాకా చేరి, మూలల్లో తిరిగేంత మూతి ఉన్నది ఎంచుకోవాలి.

ఇక దేనితో చేశారన్న సంగతి. ప్లాస్టిక్‌తో మొదలుపెడదాం. బజారు నీళ్ల బాటిల్ ఖాళీ అయ్యాక కడిగి ఫ్రిజ్‌లో వరసగా నిలబెట్టడం మనకు బాగా అలవాటు. అడుగున త్రికోణంలో 1 అని ఉంటుంది, పెట్ అంటారు. ఎండలో నిలిపిన కారులో ఇలాంటి బాటిల్ ఉంచితే, తయారీలో వాడిన ఆంటిమొనీ అనే పదార్థం నీళ్లలోకి ఎక్కువగా దిగుతుంది. చల్లటి చోట ఉంటే దిగేది బాగా తక్కువ. నా అసలు అభ్యంతరం మాత్రం దాని సన్న మెడ మీద. అందులోకి చెయ్యి పోదు, మరుగునీళ్లు పోస్తే సొట్టపోతుంది, గీతలు పడ్డ గోడను తోమే దారి ఉండదు. బీపీఏ సంగతి వేరు. అది ముఖ్యంగా పాలీకార్బొనేట్ అనే గట్టి పారదర్శక ప్లాస్టిక్‌కు సంబంధించిన రసాయనం. ఆ ప్లాస్టిక్ అడుగున 7 అని ఉంటుంది, అయితే 7 అని ఉన్నదల్లా పాలీకార్బొనేట్ కాదు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో రోజుకు ఎంత బీపీఏ శరీరంలోకి వెళ్లినా ఫరవాలేదన్న హద్దును ఏకంగా 20,000 రెట్లు తగ్గించింది కాబట్టి జాగ్రత్త వృథా కాదు. అలాగని స్టీలు బాటిల్ మీద బీపీఏ లేదని గొప్పగా రాయడం కొబ్బరినీళ్ల మీద ఎముకలు లేవని రాయడం లాంటిదే. ప్లాస్టికే కావాలనుకుంటే 5 అంకె ఉన్న పాలీప్రొపిలీన్‌ది, వెడల్పు మూతి ఉన్నది కొనుక్కుని, లోపల గీతలు పడి మసకబారగానే మార్చేయండి. గాజు శుభ్రంలో అన్నిటికంటే మేలు. ఇంట్లో బల్ల మీదికి దానికి సాటి లేదు, బస్సులోకి మాత్రం వద్దు.

రోజువారీ వాడకానికి నా ఓటు స్టీలుకే. కాకపోతే స్టీలులో రకాలున్నాయి. 304 అని పిలిచే రకంలో దాదాపు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 18/8 అని ముద్రించేది దీన్నే. నికెల్ ఖరీదైనది కాబట్టి దాన్ని తగ్గించి మాంగనీసు కలిపిన 200 వరస స్టీలు చవకగా దొరుకుతుంది. మెరుపులో తేడా తెలియదు, ఉప్పు తగిలితే మాత్రం తుప్పుమచ్చలు తొందరగా వస్తాయి. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలు అని కొట్లో పరీక్ష చేసి చూపిస్తుంటారు. ఆ పరీక్ష ఇక్కడ పనిచేయదు. 200 వరస స్టీలుకు కూడా అయస్కాంతం అంటుకోదు. పైపెచ్చు అసలైన 304 రేకునే సాగదీసి వంచిన చోట కాస్త అంటుకోవచ్చు. కాబట్టి నమ్మాల్సింది ముద్రను. రాగి, స్టీలు, అల్యూమినియం నీళ్ల బాటిళ్లకు ఐ.ఎస్. 17803 అనే ప్రమాణం ఉంది. 2023లో కేంద్ర ప్రభుత్వం వీటికి నాణ్యత నియంత్రణ ఉత్తర్వు కూడా ఇచ్చింది. ఐ.ఎస్.ఐ. గుర్తు, దాని పైన ఆ అంకె ఉన్నాయో లేదో చూడటానికి అర నిమిషం పట్టదు.

రాగి బాటిళ్ల మీద మనకున్న మక్కువ వట్టి నమ్మకం కాదు. బెంగళూరు పరిశోధకులు 2012లో ప్రచురించిన ఒక అధ్యయనంలో కలుషితం చేసిన నీళ్లను గది వేడిమి వద్ద రాగి పాత్రలో 16 గంటలు ఉంచితే కలరా, విరేచనాలు కలిగించే క్రిములు పెరిగే స్థితిలో మిగల్లేదు. నీళ్లలోకి దిగిన రాగి కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన లీటరుకు 2 మిల్లీగ్రాముల హద్దు లోపలే ఉంది. “మరి రాగి ఉండగా ఈ తోముడు గోల ఎందుకు?” అని అడగొచ్చు. రెండు కారణాలున్నాయి. రాగి పనిచేసేది నీళ్లు రాత్రంతా దాన్ని తాకుతూ నిలిచినప్పుడు. పొద్దున్న నింపి బస్సెక్కి గంటకే తాగితే ఆ ఫలం రాదు. రెండోది, రాగి బాటిల్ మూతలో కూడా రబ్బరో సిలికాన్ గ్యాస్కెట్టో ఉంటుంది, దాన్ని రాగి కాపాడదు. ఎండలో పనికొచ్చే మజ్జిగ, నిమ్మరసం, చింతపండు పానకం రాగిలో పోయనే కూడదు, పులుపు రాగిని కరిగిస్తుంది. వేసవిలో రోజూ మజ్జిగ పట్టుకెళ్లే అలవాటున్న చోట అదొక్కటి చాలు రాగిని రాత్రిపూట మంచం పక్కకు పరిమితం చేయడానికి.

చల్లగా ఉంచే బాటిళ్ల సూత్రం పాతది. 1892లో జేమ్స్ డ్యూయర్ అనే శాస్త్రవేత్త రెండు గోడల మధ్య గాలి తీసేసి చేసిన ఫ్లాస్కే వీటికి మూలం. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో రోడ్డు మీద నిలబడి పనిచేసే ట్రాఫిక్ కానిస్టేబుల్‌కు, మేస్త్రీకి, ఇంటింటికీ డెలివరీ ఇచ్చే కుర్రవాడికి అది విలాసం కాదు. ఆఫీసులో కూలర్ పక్కనే కూర్చునేవాళ్లకు ఒంటి గోడ స్టీలు చాలు. రెండు గోడల లీటరు బాటిల్ ఖాళీగానే అర కిలో దాకా తూగుతుంది, నీళ్లతో కిలోన్నర. ఇలాంటివి చాలావాటికి చల్లదనం నిలవడం కోసం మూతి చిన్నది చేస్తారు, తోమడం దగ్గరికొచ్చేసరికి అదే తంటా. ఎన్ని గంటల చల్లదనం అన్న అంకె కంటే కొనగానే ఇంట్లో వేడినీళ్లు పోసి, అయిదు నిమిషాలాగి బయట చెయ్యి పెట్టి చూడటం నయం. గోడ వెచ్చబడితే లోపలి శూన్యం పోయినట్టే, వెనక్కి ఇచ్చేయండి.

పిల్లల విషయంలో బరువే పెద్ద మాట. 2020 నాటి స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం సంచి బరువు పిల్లల శరీర బరువులో పదో వంతు దాటకూడదు. ఇరవై కిలోల పిల్లకు అంటే రెండు కిలోలు. అందులో కిలోన్నర బాటిల్‌కే పోతే పుస్తకాలకు మిగిలేదేముంది? బడిలోనే మంచి తాగునీరు ఉంటే పిల్లలు ఇంటి నుంచి మోయక్కర్లేదని కూడా ఆ విధానం అంటుంది. బడిలో నీళ్లు బాగుంటే అర లీటరు ఒంటి గోడ బాటిల్ ఇచ్చి అక్కడే నింపుకోమనడం మంచిది. బాగాలేకపోతే ఆ మాట తల్లిదండ్రుల సమావేశంలో లేవనెత్తాలి గానీ బాటిల్ సైజు పెంచకూడదు.

ప్రయాణాల దగ్గరే అసలు ప్రత్యర్థి ఎదురవుతాడు, సీలు వేసిన నీళ్ల బాటిల్. “కొత్తది, సీలు ఉంది, తాగి పారేస్తాం, కడిగే బాధే లేదు” అన్నది దానికున్న బలమైన వాదం. 2025 సెప్టెంబరు 22 నుంచి రైల్ నీర్ లీటరు బాటిల్ 15 నుంచి 14 రూపాయలకు దిగింది కూడా. ఎరగని ఊళ్లో, వరదల సమయంలో, కుళాయి నమ్మకం లేని చోట సీలు బాటిలే కొనండి, అందులో నాకు పేచీ లేదు. ఎంత మంచి బాటిలైనా చెడ్డ నీళ్లను మంచివి చేయలేదు. కానీ సీలు ఉన్నంత మాత్రాన నిశ్చింత అనుకోవద్దు. 2024 చివర్లో మన ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ప్యాకేజ్డ్ తాగునీటిని ఎక్కువ ప్రమాదం ఉన్న ఆహార వర్గంలో చేర్చి, తయారీ కేంద్రాలకు ఏటా తనిఖీ తప్పనిసరి చేసింది. అదే ఏడాది జనవరిలో కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు అమెరికాలో అమ్మే మూడు బ్రాండ్ల నీళ్లను పరీక్షించి లీటరుకు సగటున 2,40,000 ప్లాస్టిక్ తునకలు లెక్కగట్టారు. అందులో పదికి తొమ్మిది పాళ్లు కంటికే కాదు, మామూలు సూక్ష్మదర్శినికీ అందనంత చిన్నవి. అవి శరీరంలో ఏం చేస్తాయన్నది శాస్త్రం ఇంకా తేల్చాల్సి ఉంది. డబ్బు లెక్క మాత్రం తేలినదే. రోజుకు 20 రూపాయల బాటిల్ ఒకటి కొంటే నెలకు 600, ఆ డబ్బుకు మంచి ఒంటి గోడ స్టీలు బాటిల్ వస్తుంది. తిరుమలలో ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లు లేకుండా చేసినా కొండ మీద జలప్రసాదం కుళాయిలు ఉన్నాయి, చేతిలో పాత్ర ఉంటే చాలు. అంతర్జాతీయ విమానమెక్కేవాళ్లు చాలా విమానాశ్రయాల్లో భద్రతా తనిఖీకి ముందు బాటిల్ ఖాళీ చేయాలి. 100 మిల్లీలీటర్లకు మించిన ద్రవాలను లోపలికి రానివ్వని నిబంధన 2006లో లండన్‌లో బయటపడ్డ కుట్ర తర్వాత వచ్చింది. ఖాళీ బాటిల్‌కు అడ్డు లేదు, తనిఖీ దాటాక నింపుకోవచ్చు.

ఒక బాటిల్ కొంటే పర్యావరణానికి మేలు చేసినట్టేనా అంటే, దాన్ని ఏళ్ల తరబడి వాడితేనే. స్టీలు తయారీకి ఖర్చయ్యే శక్తి ఒక్క ప్లాస్టిక్ బాటిల్‌కు అయ్యేదానికంటే చాలా ఎక్కువ. సమావేశాల్లో బహుమతిగా వచ్చినవి, రంగు నచ్చి కొన్నవి కలిపి అటక మీద అరడజను స్టీలు బాటిళ్లు పేర్చుకున్న ఇల్లు ఏ మేలూ చేయలేదు. చాలా బాటిళ్లు అటకెక్కడానికి కారణం గోడ చెడిపోవడం కాదు, మూత వాసన పట్టడమో గ్యాస్కెట్ వదులై కారడమో. అంటే మళ్లీ మూత దగ్గరికే వచ్చాం.

కాబట్టి కొట్లోనే మూత పూర్తిగా విప్పండి. గ్యాస్కెట్ గోటితోనో చెంచా మొనతోనో బయటికి వస్తుందో లేదో చూడండి. రాకపోతే దాని వెనక మీరెప్పటికీ కడగలేరు. స్టీలుకు మర ఉన్నచోట అంచు గరుకుగా ఉందేమో వేలితో తడమండి. ఇంటికి తెచ్చాక నీళ్లు నింపి, పాత పేపరు మీద రాత్రంతా తలకిందులుగా పెట్టి చూడండి. వాడే రోజుల్లో రాత్రి సబ్బుతో తోమి మూత విడిగా ఆరబెట్టండి. వారానికోసారి గ్యాస్కెట్ ఊడదీసి తోమితే సరిపోతుంది. మజ్జిగ పోసిన రోజు మాత్రం అదే పూట తీయాలి. ఉప్పునీళ్ల తెల్లచార పట్టితే నిమ్మ ఉప్పు కలిపిన వెచ్చటి నీళ్లు అరగంట ఉంచండి, మూత బిగించకుండా. బట్టలకు వాడే బ్లీచింగ్ మాత్రం స్టీలులో పోయకండి, అందులోని క్లోరిన్ స్టీలుకు చిన్న చిన్న గుంటలు పెడుతుంది.

డబ్బు ఇచ్చేముందు ఇంకొక్క ప్రశ్న అడగండి: “దీనికి గ్యాస్కెట్ విడిగా దొరుకుతుందా?” కుక్కర్ గ్యాస్కెట్ ఏ కొట్లో అడిగినా తీసిస్తారు. బాటిల్ గ్యాస్కెట్ అడిగితే చాలాచోట్ల వింతగా చూస్తారు, మొత్తం మూతే మార్చుకోమంటారు, లేదంటే కొత్త బాటిల్ చూపిస్తారు. అయినా అడగండి. నలుగురు అడిగిన సరుకును కొట్టువాళ్లు ఎలాగైనా తెప్పిస్తారు.